ఖాళీలో నేను లేను

ఎల్లుబాయి పాటకు తాళం వేసింది మీరే. కమిటీ తేల్చింది, ఫైలు నడిచింది, పైనుంచి ఉత్తర్వు వచ్చింది అంటూ ఒకరి వెనక ఒకరు దాక్కోకండి. ఫైలుకు కాళ్ళు లేవు. మీరు మోశారు కాబట్టే నడిచింది. శ్రవ్య వారసత్వ మండలిలో కుర్చీ ఉన్న ప్రతివాడూ, ఆ కుర్చీ మీద తెల్ల తువ్వాలు పరిపించుకున్న ప్రతివాడూ, పచ్చ సిరాతో సంతకం గీకిన ప్రతివాడూ ఇందులో ఉన్నాడు. పదకొండు వేల మంది మగవాళ్ళున్న ఊళ్ళో అబద్ధం ఆడనివాడు ఒక్కడు దొరికితే, వాణ్నే పట్టుకుని దోషిని చేశారు. ఎలా చేశారో మీకు గుర్తుండదు. గుండ్లవాడలో అంకం భూలక్ష్మికి మాత్రం అంతా గుర్తుంది. వినండి.

గుండ్లవాడలో మగవాళ్ళు మగ్గం నేస్తారు, ఆడవాళ్ళు బీడీలు చుడతారు. ఒళ్ళో చాట, చాటలో తునికాకూ తంబాకూ, చేతిలో కత్తెర. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది లేదు. 1987లో ఒక ఆదివారం, బీడీ కార్ఖానాకు సెలవు రోజున, కొక్కుల ఎల్లుబాయి అనే బీడీ కార్మికురాలు ఆ షెడ్డులోనే కూర్చుని క్యాసెట్ నిండా పాడింది. ఒక హార్మోనియం, ఒక డోలక్. తాళం సంగతి చుట్టూ కూర్చున్న ముప్ఫై ఇద్దరు ఆడవాళ్ళు చూసుకున్నారు, ఆకు కత్తిరించే కత్తెరలతో. క్యాసెట్ పేరు "నడుమ మాట్లాడకు".

ఏడు పాటలు. తాగొచ్చే మొగుడి మీద ఒకటి. మొగుడు లేని మంచం మీద ఒకటి. అది విని ఊరి పెద్దమనుషులు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు గాని, పూర్తిగా పెట్టుకోలేదు. దేవుడి మీద ఒకటి: మొక్కు తీర్చమని నన్ను అడుగుతావు గదా, ముందు నా చెయ్యి వాసన చూడు, తంబాకు కంపు ఎన్నిసార్లు కడిగితే పోతుందో నువ్వే చెప్పు అని. ఎల్లుబాయిది తీపి గొంతు కాదు. ముప్ఫై ఏళ్ళు పొగాకు దుమ్ము మింగిన గొంతు. పైకి ఎక్కించినప్పుడు గోనెసంచి చిరిగినట్టు చిరుగుతుంది. ఆ చిరుగు కోసమే జనం చెవి కోసుకున్నారు.

నాలుగో పాట బీడీలు చూసి తీసుకునే టేకేదార్ల మీద, ఇంకా అలాంటి చేతులున్న అందరి మీద.

"నా చాటల చెయ్యి వెట్టి నన్ను తూకమేసినోడు
ఎవ్వడంటె జెప్త ఇను, వాని పేరు"

సరిగ్గా అక్కడ మొదటి వైపు టేపు అయిపోయి బటన్ టక్కుమని పైకి లేచింది. రికార్డింగ్ మిషన్ దగ్గర కూర్చున్నది పంతొమ్మిదేళ్ళ భూలక్ష్మి. క్యాసెట్ తిప్పే పని ఆమెది. ఎల్లుబాయి పాట ఆపి, చుట్టూ చూసి, అది తిరిగేదాక మీ నోళ్ళు ఊకెనే ఉంటయా, మీరు జెప్పుండ్రి పేర్లు, అంది. ముప్ఫై ఇద్దరు ముప్ఫై రెండు పేర్లు చెప్పారు, ఒక్కసారే. వాటిలో ఒకటి భూలక్ష్మి చెప్పింది, మిషన్ మూత తెరుస్తూ. క్యాసెట్ తిరగేసి బటన్ నొక్కింది. ఎల్లుబాయి అందుకుంది:

"వాడే, వాడే, ఎండల నిలవెట్టుండ్రి వాణ్ని
నేను నవ్వుకుంట నడిచిపోత."

టేపులో ఆ పేర్లు లేవు. మొదటి వైపు 'వాని పేరు' దగ్గర తెగుతుంది, రెండో వైపు 'వాడే, వాడే' అని మొదలవుతుంది. మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని గుండ్లవాడ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నెత్తిన పెట్టుకుంది. ఎక్కడ పాడినా 'వాని పేరు' దగ్గర అందరూ ఆగుతారు. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ, మూత తెరిచినందుకు. కాసేపాగి ఇంకో దెబ్బ, బటన్ నొక్కినందుకు. ఆ రెండు దెబ్బల మధ్య ప్రతి ఆడదీ తనను తూకమేసినవాడి పేరు మనసులో అనుకుంటుంది. ఎవరిదని ఎవరూ అడగరు. పెళ్ళి బ్యాండు వాళ్ళు బారాత్‌లో ఆ పాట ఎత్తుకుంటే అక్కడికి రాగానే సన్నాయి ఆపి డ్రమ్ము మీద రెండు దెబ్బలు వేస్తారు. క్యాసెట్ మొహం చూడని కాలేజీ పిల్లలు ఫోన్‌లో పాట వింటూ అక్కడ ఆగి, ఫోన్‌ను తిరగేసి, మళ్ళీ వింటారు. ఆ పాటే మోగే జహంగీర్ ఆటోలో ఎక్కినవాళ్ళు కిరాయి దగ్గర ఎంత గొడవ పడుతున్నా అక్కడికి రాగానే నోరు మూస్తారు.

భూలక్ష్మి పక్కన కూర్చుని బీడీలు చుట్టే గంగామణికి డెబ్బై ఏళ్ళు. ఆమె రెండో దెబ్బ వేసేసరికి మిగతావాళ్ళు చాయ్ తాగి వచ్చేవాళ్ళు.

"ఏం వదినె, లిస్టు చదువుతున్నవా?" అని భూలక్ష్మి ఒకసారి అడిగింది.

"పాతది మొత్తం నోటికొచ్చు. కొత్తోళ్ళను ఎక్కిస్తున్న," అంది గంగామణి.

ఎల్లుబాయి చచ్చిపోయి ఎనిమిదేళ్ళయింది. ఆమెను తీసుకుపోయేటప్పుడు ఊరంతా నాలుగో పాటే పాడుతూ నడిచింది. 'వాని పేరు' దగ్గర పాడె కూడా ఆగింది.

ఇక మీరెలా దిగారో చెప్పాలి. ఏ పెళ్ళిలోనో బ్యాండు వాళ్ళు ఆగిన వీడియో ఊళ్ళు దాటి పోయింది. పట్నం నుంచి కుర్రకారు దిగబడ్డారు. చొక్కాల మీద 'టక్ టక్' అని అచ్చు వేయించుకున్నారు. షెడ్డు ముందు నిలబడి కళ్ళు మూసుకుని, మాకు కూడా ఏదో అవుతోంది అన్నారు. పత్రికల్లో దాన్ని 'గ్రామీణ నిశ్శబ్ద సౌందర్యం' అని రాశారు. అంతమంది మురిసిపోతున్న వస్తువు ప్రభుత్వ రికార్డుల్లో లేకపోవడం మండలికి తల కొట్టేసినట్టయింది. వారం తిరగకుండా ఉప సంచాలకులు పరాంకుశం గారు జీపులో వచ్చారు. వెనక ఒక ఇనుప బీరువా వచ్చింది.

పరాంకుశం గారు మంచి మనిషి. పాట విన్నారు, నచ్చింది కూడా. నచ్చిందని నోటుఫైలులో రాసుకున్నారు. తర్వాత ఊళ్ళో ఉన్న క్యాసెట్లన్నీ తెచ్చి అప్పగించాలనీ, అసలు ప్రతి ఏదో తేలేదాకా సంరక్షణ నిమిత్తం బీరువాలో ఉంచుతామనీ దండోరా వేయించారు. నాలుగు వందల పదహారు క్యాసెట్లు వచ్చాయి. జహంగీర్ ఆటోలో పాటలున్న చిప్పు కూడా తీసుకున్నారు. నమోదు పూర్తయ్యేవరకు సదరు సంపదను ఎవరూ వాడరాదు, అరుగుదల కలుగును, అని నోటీసు అంటించారు. నోటితో పాడితే ఏం అరుగుతుందని గంగామణి అడిగింది. దానిమీద పై కార్యాలయాన్ని వివరణ కోరారు. అరుగుదల లేదని రుజువయ్యేవరకు పాడరాదని జవాబు వచ్చింది.

పాట ఆగిపోయింది. షెడ్డులో కత్తెరల చప్పుడు మిగిలింది. నమోదు అయితే గాని బీరువా తెరుచుకోదు. భూలక్ష్మికి అర్థమైంది అంతవరకే. అందుకని నమోదు త్వరగా కావాలని ఆమె కూడా కోరుకుంది, పిచ్చిది.

నమోదు ఫారంలో పద్నాలుగో కాలమ్: 'సంపద సంపూర్ణమా? అవును / కాదు.' పరాంకుశం గారి కలం అక్కడ ఆగింది. ఆయన స్టాప్‌వాచీ తెప్పించి, ఆరు చోట్ల ఆడవాళ్ళ చేత తొడలు కొట్టించి, దెబ్బకూ దెబ్బకూ మధ్య కాలం కొలిచారు. దీనికి మాత్రం పాడటానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు, ఒక్కొక్కరికి ఒక్క చరణం. ఎక్కడా లెక్క కుదరలేదు. ఒకచోట తొమ్మిది సెకన్లు, ఒకచోట ఇరవై రెండు. గంగామణి దగ్గర స్టాప్‌వాచీ పట్టుకున్న గుమాస్తా చెయ్యి మార్చుకోవాల్సి వచ్చింది. పరాంకుశం గారు పంచాయతీ కార్యాలయంలో సభ పెట్టి తేల్చి చెప్పారు:

"నాలుగవ గీతమందు ప్రథమ పార్శ్వ సమాప్తికిని, ద్వితీయ పార్శ్వ ప్రారంభమునకును నడుమ ఒక లుప్త పదము కలదు. లోపము గల వస్తువును వారసత్వ సంపదగా నమోదు చేయుటకు నిబంధనలు అంగీకరించవు. కావున సదరు లుప్త పదమును మొదట పూరించవలసి యున్నది."

ఆ రోజు మిషన్ దగ్గర ఉన్నది భూలక్ష్మి అని తెలిసి ఆమెను పిలిపించారు. ఆమె దాచలేదు. అది ఒక పదం కాదు సారూ, ముప్ఫై రెండు పేర్లు, అని జరిగింది జరిగినట్టు చెప్పింది. పరాంకుశం గారు ఓపిగ్గా విన్నారు. ఫారం తిప్పి చూపించారు. లుప్త పదం అని ఉన్న చోట ఒక్క గీతే ఉంది, అది కూడా రెండంగుళాలు. ముప్ఫై రెండు పట్టవు. పోనీ వాటిలో బిగ్గరగా వినబడింది ఏది అని అడిగారు.

"నాదే. మిషన్ కాడ నేనే ఉన్న గద."

"ఆ పదమేమిటి?"

"ఓదెలు," అంది భూలక్ష్మి.

ఓదెలు అప్పట్లో టేకేదారు. నాసిరకం బీడీలు ఏరే వంకతో ఆడపిల్లల చాటల్లో చెయ్యి పెట్టేవాడు. ఎదురు చెప్పిందని ఆరు నెలలు భూలక్ష్మి కట్టలు ఆమె ముందే విరిచి కాలువలో పోశాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి, తెల్లటి మీసం, రెండు సంఘాలకు గౌరవ అధ్యక్షుడు. ఆ సభలోనే ముందు వరసలో కూర్చున్నాడు, పరాంకుశం గారికి కొబ్బరిబోండాం తెప్పించింది అతనే.

జనం ఓదెలు వైపు తిరిగారు. పరాంకుశం గారు కలం కిందపెట్టి, సహజ న్యాయసూత్రముల రీత్యా సదరు వ్యక్తికి నిరాకరించుకొను అవకాశం కల్పించనిదే పదము పూరించరాదు అన్నారు. ఓదెలును అడిగారు. నేను గాదు, అన్నాడు ఓదెలు. అయిపోయింది. అతను నిరాకరించినట్టు ఒక కాగితం రాసి, మండలి ముద్ర వేసి, చేతికిచ్చారు. నమూనా తొమ్మిది: 'ఖాళీలో నేను లేను' ధృవపత్రం, వరుస సంఖ్య ఒకటి.

అక్కడితో ఆగి ఉంటే ఇది ఒక ఊరి గొడవ అయ్యేది. మండలి ఆగలేదు. ఓదెలుకు ఇచ్చిన అవకాశం మిగతా పురుషులకు ఇవ్వకపోవడం సమానత్వానికి విరుద్ధం అని న్యాయ సలహాదారు రాశాడు. దానివల్ల ఇంకో ప్రయోజనం కూడా ఉందని కింద చేర్చాడు: ఊళ్ళో మగవాళ్ళంతా ఒక్కొక్కరే నేను కాదని రాసిస్తే, చివరకు మిగిలినవాడే లుప్త పదం. ఎవరినీ నిందించనక్కరలేదు, ఎవరినీ విచారించనక్కరలేదు. దీనికి 'శేష పద్ధతి' అని పేరు పెట్టారు. పై కార్యాలయం ఈ పద్ధతిని మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. పంచాయతీ ఆవరణలో టెంటు వేసి, కౌంటర్ తెరిచి, నలభై రోజులు గడువిచ్చారు.

మొదటి రోజు పదిమంది వచ్చారు. రెండో రోజు, రాని వాళ్ళ గురించి జనం ఏమనుకుంటున్నారో రాని వాళ్ళకు తెలిసింది. మూడో రోజు వరస బస్టాండు దాకా పోయింది. మగ్గాలు ఆపి వచ్చారు, దుకాణాలు మూసి వచ్చారు. చనిపోయిన తండ్రుల తరఫున కొడుకులు వచ్చారు. వారసుల కోసం నమూనా తొమ్మిది-ఆ అచ్చు వేశారు. 1999లో పుట్టినవాడు వచ్చాడు. పాట నువ్వు పుట్టకముందుది గదా నాయనా అంటే, రేపు పిల్లనిచ్చేవాళ్ళు అడిగితే ఏం చూపించాలి సార్ అన్నాడు. నిజమే, అప్పటికే అడుగుతున్నారు. పెళ్ళిచూపుల్లో జాతకంతో పాటు నమూనా తొమ్మిది పెట్టడం మొదలైంది. మంగలి దుకాణంలో అద్దం పక్కన ఫ్రేము కట్టించి పెట్టారు. ఒకాయన మాత్రం తెగ బాధపడ్డాడు: తనను ఊళ్ళో ఎవరూ అనుమానించడం లేదట, అడిగినవాడు కూడా లేడట. ఆయనకు కూడా ఇచ్చారు.

కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని, అందరికీ ఫారం ఎలా నింపాలో చెబుతూ కూర్చున్నది ఓదెలు. మొదటి ధృవపత్రం పొందినవాడు కాబట్టి అనుభవం ఉందని మండలి అతన్ని గౌరవ సలహాదారుగా వేసింది. తన కాగితాన్ని ప్లాస్టిక్ అంటించి మెడలో వేసుకుని తిరిగాడు. భూలక్ష్మి కార్ఖానాకు పోతుంటే పిలిచాడు.

"ఏమే బూలచ్చీ, నీ మొగనికి ఫారం వోకపోతివి? ఇంక పద్దినాలే ఉన్నది. నేనే నింపి వెడుత తియ్యి."

"నువ్వు నింపుడు నాకెరికే సేటు," అంది భూలక్ష్మి. "ముందు మెడల ఉన్నది సరిగ వెట్టుకో. ముద్ర తలకిందులయింది."

అన్నదే గాని ఇంటిదాకా అదే ఆలోచన. ఓ రెండేళ్ళు తప్ప, ముప్ఫై ఎనిమిదేళ్ళూ ఆ రెండు దెబ్బల మధ్య ఆమె ఆ పేరే అనుకుంది. బయటికి అన్నది రెండే సార్లు. రెండోసారి అన్నందుకు వాడికి సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడా ఖాళీ కూడా పోతే, ఆ పేరు ఎక్కడ పెట్టుకోవాలి? ఒక పేరు అచ్చయ్యాక మిగతా అందరి పేర్లూ గాలికే గదా. ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్ళు, వాళ్ళ బిడ్డలు, ఆ బిడ్డల బిడ్డలు, అందరూ ఎవడో ఒకడి పేరు పాడుకుంటూ, తమ వాణ్ని వదిలేయాలి.

భర్త రాజలింగం మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. ఫారం తెచ్చుకున్నాడు గాని నింపలేదు. పక్కన పెట్టి, దాని మీద దారపు కండె పెట్టాడు ఎగిరిపోకుండా. మాట తక్కువ మనిషి. అన్నం తిన్నాక అడిగాడు.

"గీ కాగితం మీద నేను లేను అని రాయమంటున్నరు. ఉన్ననో లేనో నాకేం ఎరుక? నువ్వు జెప్పు."

భూలక్ష్మి చేతులు కడుక్కుంది. ఎంగిలి గిన్నె పక్కన పెట్టింది.

"ఉన్నవు," అంది. "పెండ్లయినంక రెండేండ్లు ఉన్నవు. ఓదెలును తీసి నిన్ను వెట్టుకున్న. మల్ల తీసేసిన."

"ఎప్పుడు తీసినవ్?"

"నువ్వు తాగుడు బందు చేసి, నీ అంతట నువ్వే మా అమ్మ ఇంటికొచ్చి, మా అమ్మ ముంగట తప్పు జేసిన అని అన్నవు సూడు. ఆనాడు."

రాజలింగం తల ఊపాడు. కండెకు దారం చుట్టాడు. రెండేళ్ళు ఉన్నోణ్ని లేనని ఎట్ల రాయాలె, అని తనలో తాను అనుకున్నట్టు అని, ఫారం మడిచి చూరులో దోపాడు.

నలభయ్యో రోజు సాయంత్రం కౌంటర్ మూశారు. ఓటరు జాబితాలో ఉన్న ప్రతి మగవాడి పేరూ కొట్టేసుకుంటూ వచ్చారు. జాబితా మొత్తం పదకొండు వేల నాలుగు వందల ఆరు. చనిపోయినవాళ్ళవి పక్కన పెడితే, వచ్చిన ధృవపత్రాలు పదకొండు వేల నాలుగు వందల అయిదు. వీటిలో పరాంకుశం గారిది కలవదు, చైర్మన్ గారిది కలవదు; వాళ్ళకు అవసరం లేకపోయినా ఆదర్శంగా ఉంటుందని విడిగా తీసుకున్నారు. శేషం ఒకటి: అంకం రాజలింగం, మగ్గం పని, నాలుగో వార్డు.

భూలక్ష్మి మండలి కార్యాలయానికి పరుగెత్తింది. గంగామణి తోడు వచ్చింది. పాట పాడిన ఆ రోజుకు మా పెండ్లే కాలేదు, ఆయన ఊరే వేరు, ఎల్లుబాయి ఆయన మొఖం చూసింది లేదు, అని భూలక్ష్మి చెప్పింది. పరాంకుశం గారు నొచ్చుకున్నారు. వ్యక్తిగతంగా తనకు రాజలింగం మీద ఏ ద్వేషమూ లేదనీ, మగ్గం పని ఎంతో గౌరవనీయమైనదనీ అన్నారు. అయితే పద్ధతి ప్రకారం వచ్చిన ఫలితాన్ని నిజం కాదనే కారణంతో మార్చే అధికారం ఉప సంచాలకుల స్థాయిలో లేదు.

"ఇప్పుడన్న రాసిస్తడు. ఫారం ఇంట్లనే ఉన్నది," అంది గంగామణి.

"గడువు ముగిసినది," అన్నారు పరాంకుశం గారు. "పైగా ఆయన కూడా రాసిచ్చినచో శేషము సున్న అగును. సున్నను పూరించుట ఎట్లు?"

ఆ మాటకు వెనక నిలబడ్డ గుమాస్తా కూడా తల ఊపాడు. సున్నను పూరించడం కష్టమే.

పది రోజుల తర్వాత 'పరిపూర్ణ గీత సమర్పణోత్సవం' పెట్టారు. షామియానా, ఎర్ర తివాచీ, పట్నం నుంచి పాడటానికి ఒక గాయని. వేదిక మీద చైర్మన్ గారు, పరాంకుశం గారు, గౌరవ సలహాదారు ఓదెలు. రాజలింగానికి కూడా కుర్చీ వేశారు. ఆయన లేకుంటే పాట పూర్తయ్యేది కాదు కాబట్టి సన్మానం చేయాలని మండలి తీర్మానించింది. పిలిచినప్పుడు పోనని అన్నాడు. పోకపోతే పారిపోయాడంటారని మళ్ళీ పోయాడు. 'లుప్త పద ప్రదాత' అని పలకమిచ్చి, శాలువా కప్పారు. కప్పింది ఓదెలు. రాజలింగం శాలువా కింద తల వంచుకుని కూర్చుంటే, మంగలి దుకాణం వాళ్ళు, వరసలో నిలబడి కాగితాలు తెచ్చుకున్న వాళ్ళు, అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళకు ఎంత తేలిగ్గా ఉందో చప్పట్లలోనే తెలిసింది. చైర్మన్ గారు మాట్లాడుతూ, మన సంస్కృతిలోని ఒక రంధ్రాన్ని ప్రభుత్వం విజయవంతంగా పూడ్చిందని చెప్పారు.

తర్వాత పాట. గాయనిది నున్నటి గొంతు. ఏ చిరుగూ లేదు, నెయ్యి పోసినట్టు పోతుంది. నాలుగో పాట ఎత్తుకుంది. కింద రెండు వేల మంది ఆడవాళ్ళు, ఒళ్ళో చాటలు లేకుండా, చేతులు ఏం చేయాలో తెలియక కూర్చుని ఉన్నారు. 'ఎవ్వడంటె జెప్త ఇను, వాని పేరు' దగ్గర రెండు వేల అరచేతులు తొడల మీద పడ్డాయి. ఆ దెబ్బ మీదుగానే మైకులోంచి, రాజలింగం, అని వచ్చింది, రెండు గమకాలతో. వెంటనే 'వాడే, వాడే' అని గాయని ముందుకు పోయింది.

కింద రెండో దెబ్బ పడలేదు.

ఒక్క చెయ్యి కూడా కదల్లేదు. హార్మోనియం వాడు తలెత్తి చూశాడు. గాయని రెండు పంక్తులు పాడి, ఎవరూ తనతో లేరని తెలిసి, తనంతట తనే ఆగింది. భూలక్ష్మి లేచి వేదిక ఎక్కింది. ఇది కార్యక్రమంలో లేదు అని పరాంకుశం గారు అంటుంటే, ఆయన చేతిలోని కార్యక్రమం కాగితం తీసి బల్ల మీద పెట్టి, మైకు తీసుకుంది. మొగుడి వైపు చూడలేదు. ఓదెలు వైపూ చూడలేదు.

"సారూ, నేను గాదు అని చెప్పెటోళ్ళకు ఫారం ఇచ్చిండ్రు. నలభై దినాలిచ్చిండ్రు. టెంటేసిండ్రు, మంచినీళ్ళు వెట్టిండ్రు. పదకొండు వేల మంది వచ్చి నేను గాదు అంటె ఎందుకు గాదు అని ఒక్కణ్ని అడుగలె. ముద్ర కొట్టి ఇంటికి పంపిండ్రు. ఇగ మా వంతు. వీడే, అని రాసే ఫారం మాకియ్యుండ్రి."

పరాంకుశం గారు వినయంగానే చెప్పారు, అట్టి నమూనా అమలులో లేదని.

"లేకుంటె అచ్చు కొట్టియ్యి. రెండంగుళాల గీత చాలది, పేజీ మొత్తం ఖాళీ ఉంచు. మా గంగామణి వదినెకు రెండు పేజీలియ్యి. నా మొగడు రెండేండ్లు ఉండె, గది గూడ నేనే రాస్త, ఆయననే రాయుమన్నడు. రాసినంక వాళ్ళను పిలిచి అడుగుండ్రి. అడిగినంక ముద్ర కొట్టుండ్రి. అప్పుడు ఎవని మెడల ఏ కాగితం ఉంటదో సూద్దాం. రేపు పొద్దుగాల పదింటికి కౌంటర్ కాడ ఉంటం."

మైకు బల్ల మీద పెట్టి దిగింది. రాజలింగం శాలువా తీసి, మడత పెట్టి, కుర్చీలో వదిలి ఆమె వెనక దిగాడు.

మర్నాడు పదింటికి కౌంటర్ ముందు నలుగురున్నారు. పదకొండుకు నాలుగు వందల మంది. కౌంటర్ తెరవలేదు. టెంటు ముందే పీకేశారు. ఎండ. రెండో రోజు ఆడవాళ్ళు చాటలు తెచ్చుకుని వరసలోనే కూర్చుని బీడీలు చుట్టారు. మూడో రోజు పక్క ఊళ్ళ నుంచి వచ్చారు. పట్నం నుంచి చొక్కాలు వేసుకుని వచ్చిన ఇద్దరమ్మాయిలు ఫోటోలు తీసుకుందామని దిగి, కాసేపు నిలబడి, ఫోన్లు సంచిలో పెట్టుకుని, వరస చివరకు పోయి నిలబడ్డారు. అయిదో రోజు కౌంటర్‌లో పనిచేసే గుమాస్తా భార్య వచ్చి నిలబడింది. ఆరో రోజు గుమాస్తా సెలవు పెట్టాడు. ఏడో రోజు ఓదెలు కోడలు వచ్చింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, జరిగి చోటిచ్చారు.

మీరు మాత్రం దీన్ని పరిశీలిస్తున్నామని పత్రికా ప్రకటన ఇచ్చారు. నిపుణుల సంఘం వేస్తామన్నారు. ఆడవాళ్ళు రాసేదానికి ఆధారాలు జత చేయాలా వద్దా అని వివరణ కోరారు. మగవాళ్ళు రాసినదానికి ఏ ఆధారం జత చేశారు? నోరు. అదే ఆధారం వీళ్ళకూ ఉంది.

ఇవాళ తొమ్మిదో రోజు. వరస బస్టాండు దాటి, మార్కెట్టు దాటి, మీ బీరువా ఉన్న గది కిటికీ కిందికి వచ్చింది. నాలుగు వందల పదహారు క్యాసెట్లు ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి, మీ రికార్డులో వేసిన ఆ ఒక్క పేరు కొట్టేసి ఇవ్వండి. జహంగీర్ చిప్పు జహంగీర్‌కు ఇవ్వండి. టెంటు మళ్ళీ వేయండి, నీళ్ళ కుండలు పెట్టండి, మగవాళ్ళకు ఇచ్చిన నలభై రోజులు ఒక్క రోజు తగ్గకుండా ఇవ్వండి. ఫారం ఇంకా అచ్చు కాకపోతే తెల్ల కాగితం చాలు, వాళ్ళ దగ్గర పెన్నులున్నాయి. పరాంకుశం గారిని లేపి తాళం చెవి తెమ్మనండి. కౌంటర్ తెరవండి.